ఛార్జింగు బండి, జేబులో ఫోను – మీ ఆరోగ్యం

పొద్దున ఎనిమిదిన్నర వేళ మీ వీధి మొగలో నిలబడి చూడండి. బ్యాంకు ఉద్యోగి, స్కూలు టీచరమ్మ, మందుల షాపు కుర్రాడు, కాలేజీ అమ్మాయి అందరూ బళ్ల మీదనే బయలుదేరుతూ వుంటారు. అయితే చాలా బళ్లకు కిక్కు కొట్టే చప్పుడు లేదు, పొగ లేదు. తాళం తిప్పటం, చెయ్యి కొంచెం మెలిపెట్టటం, అంతే! బండి సందు దాటిపోతుంది. హ్యాండిల్ మీద ఫోను దారి చూపుతూ వుంటుంది. మణికట్టు మీది గడియారం నాడి లెక్క పెడుతూ వుంటుంది. చెవిలో పాట మోగుతూ వుంటుంది.

ఇదంతా సుఖమే, కాదనటం లేదు. పెట్రోలు ఖర్చు తగ్గింది, ఇంటి ముందు పొగ తగ్గింది. కాని ఏ సుఖమైనా ఇంట్లోకి వచ్చేటప్పుడు తన వెంట కొన్ని కొత్త అలవాట్లు కూడా తెస్తుంది. ఆ అలవాట్లలో కొన్ని మీ నడుముకు, మెడకు, చెవికి చేటు చేసేవి. ఒకటి రెండు ప్రాణానికే ముప్పు తెచ్చేవి. అవి ఏవో తెలుసుకుని మసలుకుంటే బండీ మంచిదే, ఫోనూ మంచిదే.

పొగ తగ్గింది, మరి నడక?

ఒకప్పుడు ఆఫీసుకు సైకిలు తొక్కేవారు. 1972లో లూనా వచ్చింది. దానికి పెడల్స్ అయినా వుండేవి. స్కూటరు కూడా వుండేది. దానికి కనీసం కిక్కు కొట్టాలి, గేరు మార్చాలి. ఇప్పటి ఛార్జింగు బండికి అదీ లేదు. కాలు కదపకుండా ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు గుమ్మం దాకా వెళ్లిపోవచ్చు. కిలోమీటరుకు పైసల్లో ఖర్చు గనుక, వీధి చివరి కూరల బండి దగ్గరకు కూడా దాని మీదే వెళ్లేవారు బయలుదేరారు.

పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు చురుకుగా నడిస్తే సరిపోతుంది. బండి మీద కూర్చున్న గంట ఈ లెక్కలోకి రాదు. కనుక ఒక చిన్న నియమం పెట్టుకోండి. ఇంటికి అర కిలోమీటరు లోపల వున్న పని ఏదైనా నడిచే చేసుకోండి. ఆఫీసులో బండిని గేటు పక్కన కాకుండా దూరంగా నీడలో నిలపండి. బండికీ మంచిది, మీకూ మంచిది.

పెడల్ వుండే ఎలక్ట్రిక్ సైకిలు సంగతి వేరు. అందులో మీరు తొక్కితే మోటారు తోడు పడుతుంది. దాని మీద వెళ్లటం ఓ మోస్తరు వ్యాయామమే అవుతుంది. మోకాళ్లు నొప్పి పుట్టేవారికి, ఎత్తు పల్లాలున్న వూళ్లో వుండేవారికి అది చక్కని సాధనం. అయితే తొక్కకుండా మీటతో నడిపేస్తే ఆ లాభం లేదు సుమా!

పొగ గురించి ఇంకొక మాట. మీ బండి పొగ వదలకపోయినా, ముందు పోయే లారీ, ఆటో వదిలే పొగ మీ ముక్కులోకే వస్తుంది. ముఖానికి చుట్టుకునే చున్నీ, జేబు రుమాలు ఎండను, పెద్ద దుమ్మును ఆపుతాయి గాని సన్నని పొగ కణాలను ఆపలేవు. ఉబ్బసం వున్నవారు ముక్కుకు బిగువుగా అమరే ఎన్-95 మాస్కు వాడటం మంచిది.

నడుము, మెడ, మణికట్టు

కొత్త బండి కొన్న రెండు మూడు నెలలకు నడుము నొప్పి అంటూ వచ్చేవారు వున్నారు. తప్పు బండిది కాదు, కూర్చునే తీరుది. కాళ్ల దగ్గర బియ్యం బస్తానో, గ్యాసు సిలిండరో పెట్టుకుని, మోకాళ్లు విడదీసి, వీపు గూనిగా వంచి నడిపితే నడుము కండరాలు బిగుసుకుపోతాయి. వీపు నిటారుగా, మోచేతులు కొద్దిగా వంచి, రెండు పాదాలూ పూర్తిగా ఆనేటట్లు కూర్చోండి. గుంట వచ్చినప్పుడు వేగం తగ్గించండి. చక్రాలలో గాలి ఎక్కువైతే ప్రతి గతుకూ వెన్నుపూసకే తగులుతుంది. కంపెనీ చెప్పిన మేరకే గాలి వుంచుకోండి.

కుడి చెయ్యి అదేపనిగా మెలిపెట్టి పట్టుకోవటం వల్ల బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరెక్కుతూ వుంటాయి. రాత్రిళ్లు ఆ తిమ్మిరికి మెలకువ వచ్చి చెయ్యి విదిలించుకోవలసి వస్తే, మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటున్నదని అనుమానించాలి. పిడిని గట్టిగా బిగించకండి. మణికట్టు కిందికి గాని మీదికి గాని వంగకుండా, ముంజేతికి తిన్నగా వుండాలి. తిమ్మిరి తగ్గకపోతే వైద్యునికి చూపించండి. ముఖ్యంగా మధుమేహం, థైరాయిడ్ లోపం వున్నవారు అశ్రద్ధ చెయ్యకూడదు.

కొన్ని బళ్లకు బ్యాటరీ ఊడదీసి ఇంట్లోకి తెచ్చుకునే వీలు వుంటుంది. అది పది కిలోల పైన కూడా తూగవచ్చు. నడుము వంచి, ఒంటి చేత్తో లాగి, మూడో అంతస్తు దాకా మోసుకుపోతే వెన్ను పట్టేస్తుంది. మోకాళ్లు వంచి కూర్చుని, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవండి. అసలు ఆ బ్యాటరీని మేడ మీదికి మోయటమే మంచిది కాదు. ఎందుకో ముందు చెబుతాను.

ఇక మెడ. మన తల బరువు సుమారు అయిదు కిలోలు. తల నిటారుగా వున్నప్పుడు మెడ మీద పడే బరువు అంతే. ఫోనులోకి చూస్తూ 60 డిగ్రీలు వంచితే మెడ మీద పడే భారం 27 కిలోల దాకా వుంటుందని న్యూయార్కు శస్త్ర వైద్యుడొకరు 2014లో లెక్క కట్టారు. ఏడెనిమిదేళ్ల పిల్లవాణ్ణి మెడ మీద కూర్చోబెట్టుకున్నట్టే గదా! ఫోనును కళ్ల ఎత్తుకు తెచ్చుకోండి, తలను ఫోను దగ్గరకు దించకండి.

చప్పుడు లేకపోవటమూ ప్రమాదమే

పెట్రోలు బండి ఇంజను ఆడుతున్నదీ లేనిదీ చెవికి తెలుస్తుంది. ఛార్జింగు బండి అలా కాదు. నిలబడి వున్నా ప్రాణం పోసుకునే వుంటుంది. అరుగు ముందు బండి ఆపి, తాళం తియ్యకుండా పాల ప్యాకెట్టు కోసం లోపలికి వెళతారు. ముందు నిలబడ్డ పిల్లవాడు సరదాగా పిడి తిప్పుతాడు. బండి ఒక్క ఉదుటున గోడకు తగులుతుంది. ఈ బళ్ల మోటారుకు మొదటి క్షణం నుంచే పూర్తి లాగుడు వుంటుంది. అందుచేత దిగే ముందు తాళం తియ్యటం శ్వాస తీసినంత అలవాటు కావాలి. బండి ఎక్కించేటప్పుడు ముందుగా పెద్దవాళ్లు కూర్చోవాలి, తరువాత పిల్లలు. దింపేటప్పుడు ముందు పిల్లలు.

రోడ్డు దాటే ముసలివారికి, చూపు తక్కువైన వారికి మీ బండి వస్తున్న అలికిడి తెలియదు. సందుల్లో, గుడి ముందు, స్కూలు దగ్గర వేగం తగ్గించి, హారను ఒక్కసారి మెల్లగా మోగించండి.

చీర కొంగు, చున్నీ చక్రంలో పడితే మెడకు ఉరి బిగుసుకుంటుంది. కొంగు నడుముకు దోపుకుని, చున్నీ ముడివేసుకుని మరీ ఎక్కండి.

చెవిలో పాట, కంటి ముందు తెర

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 11 మీటర్లు దాటుతుంది. ఎవరు ఫోను చేశారో చూడటానికి మూడు సెకన్లు చూపు దించారనుకోండి, 33 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. ఆ 33 మీటర్లలో ఒక ఆవు, ఒక గుంట, బంతి కోసం పరిగెత్తే పసివాడు – ఏదైనా వుండవచ్చు.

దారి చూపే ఏర్పాటు వాడుకోండి, తప్పు లేదు. కాని బయలుదేరక ముందే వూరి పేరు నింపి, ఫోనును హ్యాండిల్‌కు గట్టిగా బిగించండి. దారి తప్పితే పక్కకు ఆపి చూసుకోండి. హెల్మెట్‌కు, చెంపకు మధ్య ఫోను ఇరికించి మాట్లాడటం మానండి. మెడ ఒక పక్కకు వంగుతుంది, మనసు ఇంకో పక్కకు పోతుంది.

రెండు చెవుల్లోనూ బుడిపెలు పెట్టుకుని బండి నడపటం ఎంత మాత్రం పనికి రాదు. వెనక వచ్చే బస్సు హారను వినపడదు. ఇంట్లో పాట వినేటప్పుడు కూడా శబ్దం అరవై శాతం దాటనివ్వకండి. గట్టి శబ్దానికి లోపలి చెవిలోని సున్నితమైన కణాలు చచ్చిపోతే మళ్లీ పుట్టవు. ఫోను పక్కన పెట్టాక చెవిలో జోరుమని మోత వినిపిస్తుంటే అది చెవి చేస్తున్న హెచ్చరిక.

శాతాల బెంగ

ఫోనులో ఇరవై శాతం, గడియారంలో పది శాతం, బండిలో పదిహేను శాతం! ఇంటికి చేరుతామా, చేరమా? ఈ బెంగ ఇదివరకు లేదు. ఆ అంకె వంక చూస్తూ ఆదరాబాదరాగా నడిపేవారు, ఎర్ర దీపం దాటేసేవారు వున్నారు. రానూ పోనూ అయ్యే దూరానికి ఒకటిన్నర రెట్లు వచ్చేలా ఛార్జింగు వుంచుకుంటే ఈ బెంగ వుండదు. ఇద్దరు ఎక్కినా, ఎత్తు ఎక్కినా, బ్యాటరీ పాతబడినా వెళ్లే దూరం తగ్గుతుందని గుర్తుంచుకోండి.

రాత్రి పడుకునే ముందు గంటసేపు ఫోను చూడటం మానితే నిద్ర త్వరగా పడుతుంది. అన్నిటికీ ఛార్జింగు పెట్టి, తన నిద్ర మరిచిపోయిన మనిషి పొద్దున్నే బండి మీద కునికిపాట్లు పడతాడు.

గడియారం వైద్యుడు కాదు

మణికట్టు గడియారం అడుగున పచ్చని వెలుగు మినుకు మినుకుమంటుంది చూశారా? ఆ వెలుగు చర్మం కింది రక్తం మీద పడి వెనక్కు వస్తుంది. దాని హెచ్చుతగ్గులను బట్టి నాడి వేగం లెక్క కడుతుంది. పట్టీ వదులుగా వున్నా, చెయ్యి చల్లబడినా, గతుకుల రోడ్డు మీద చెయ్యి అదిరినా లెక్క తప్పవచ్చు. ఆ అంకె చూసి హడలిపోవద్దు. అయిదు నిమిషాలు కూర్చుని, మెడ పక్కనో మణికట్టు మీదో వేళ్లు ఆన్చి స్వయంగా చూసుకోండి.

గడియారం బాగానే వున్నదని చెప్పినంత మాత్రాన ధీమాగా వుండటం ఇంకా ప్రమాదం. గుండెపోటును ఈ గడియారాలు కనిపెట్టలేవు. ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చల్లని చెమట, ఆయాసం వస్తే గడియారం వంక చూడకండి, బండి తియ్యకండి. 108కి ఫోను చెయ్యండి.

తలకు రక్ష

గంటకు 25 కిలోమీటర్లకు మించని వేగం, 250 వాట్ల లోపు మోటారు వుండే చిన్న బళ్లకు మన దేశంలో లైసెన్సు, రిజిస్ట్రేషను అక్కర లేదు. అందుకని పదో తరగతి పిల్లల చేతికి ఇచ్చి ట్యూషనుకు పంపేస్తున్నారు. చట్టం అడగకపోవచ్చు గాని, తారు రోడ్డు ఏ తలనూ వయస్సు అడగదు. హెల్మెట్ వల్ల ప్రమాదాల్లో తలకు దెబ్బలు 69 శాతం, మరణాలు 42 శాతం తగ్గుతాయని అనేక పరిశోధనలను కలిపి చూసినప్పుడు తేలింది. ఐ.ఎస్.ఐ. గుర్తు వున్నది కొనండి. గడ్డం కింద పట్టీ బిగించండి. పట్టీ పెట్టని హెల్మెట్ మీకంటే ముందే ఎగిరి పడుతుంది. వెనక కూర్చున్న ఇల్లాలికి కూడా తల వున్నది, మరిచిపోవద్దు.

పడకగదిలో బ్యాటరీ వద్దు

ఇంతదాకా చెప్పినవి నొప్పులు, దెబ్బలు. ఇప్పుడు చెప్పబోయేది ఇల్లంతటికీ సంబంధించినది. ఇంకేమి మరిచినా ఇది మరవకండి.

2022 మార్చిలో తమిళనాడులోని వేలూరులో ఇంటి దగ్గర ఛార్జింగు పెట్టిన బండి రాత్రివేళ అంటుకుని, తండ్రీ కూతురూ చనిపోయారు. మంట కాల్చి కాదు, పొగకు ఊపిరాడక. మరుసటి నెల, ఏప్రిల్‌లో, నిజామాబాదులోను, ఆ వెంటనే విజయవాడలోను, ఇంట్లో ఛార్జింగు పెట్టిన బ్యాటరీలు పేలి ఒక్కొక్కరు ప్రాణాలు కోల్పోయారు. అదే ఏడు సెప్టెంబరులో సికింద్రాబాదులో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము వున్న భవనంలో కింద లేచిన మంట, పొగ పై అంతస్తుల లాడ్జిని కమ్మి 8 మంది మరణించారు. ఆ తరువాత కేంద్ర ప్రభుత్వం బ్యాటరీ భద్రతా నిబంధనలను 2022 డిసెంబరు నుంచి, 2023 మార్చి ఆఖరు నుంచి రెండు విడతలుగా కట్టుదిట్టం చేసింది. కాని అంతకు ముందు కొన్న బళ్లు, సెకండు హ్యాండువి, సందులోని షాపులో కొత్త సెల్స్ వేయించినవి ఇంకా రోడ్ల మీద వున్నాయి.

ఇలా ఎందుకు జరుగుతుంది? ఈ బ్యాటరీలో చిన్న చిన్న సెల్స్ వందలుగా వుండవచ్చు. దెబ్బ తగిలో, నీరు చేరో, సరికాని ఛార్జరు వల్లనో ఒక సెల్ లోపల వేడెక్కిందంటే, ఆ వేడికి పక్క సెల్, దాని వేడికి ఆ పక్కది, అలా అంటుకుంటూ పోతాయి. ఆ మంట తనంతట తాను చల్లారదు. ఆరినట్టే ఆరి మళ్లీ రగులుతుంది. దాని పొగలో విషవాయువులు వుంటాయి. నిద్రలో వున్నవారికి మెలకువ రాకముందే స్పృహ తప్పవచ్చు.

ఇలాంటివి రోజూ జరుగుతాయని భయపెట్టటం లేదు. లక్షల బళ్లు ఏ ఇబ్బందీ లేకుండా తిరుగుతున్నాయి. గ్యాసు పొయ్యి దగ్గర ఎంత జాగ్రత్తగా వుంటామో, దీని దగ్గరా అంతే జాగ్రత్త కావాలి.

ఛార్జింగు ఆరుబయట, నీడలో, గాలి తగిలే చోట పెట్టండి. మెట్ల కింద, గుమ్మానికి అడ్డంగా వద్దు. అక్కడ అంటుకుంటే ఇంట్లోవారికి బయటకు వచ్చే దారే వుండదు. పడకగదిలో, మంచం పక్కన అసలే వద్దు. అందరూ నిద్రపోయే వేళ కాక, సాయంత్రం మెలకువగా వున్నప్పుడు పెట్టండి. ఎండలో తిరిగి వచ్చిన బండి వేడిగా వుంటుంది. అరగంట, గంట చల్లారనిచ్చి అప్పుడు పెట్టండి. రామగుండం, విజయవాడ ఎండలకు ఈ మాట మరీ అవసరం. బండితో వచ్చిన ఛార్జరే వాడండి. ఎర్తింగు సరిగా వున్న ప్లగ్గు వుండాలి. ఎక్స్‌టెన్షను బోర్డు మీద లాగకండి. వరద నీటిలో మునిగిన బండికి ఛార్జింగు పెట్టే ముందు మెకానిక్కుకు చూపించి తీరాలి.

బ్యాటరీ ఉబ్బినా, ఘాటు వాసన వచ్చినా, బుస్సుమన్నా, చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా వెంటనే మెయిను ఆపండి. పొగ మొదలైతే దాన్ని మోసుకుపోయే సాహసం చెయ్యకండి. పిల్లల్ని, ముసలివారిని బయటకు తియ్యండి, తలుపు వేసెయ్యండి, 101కి గాని 112కి గాని ఫోను చెయ్యండి. బీరువా కోసం, కాగితాల కోసం మళ్లీ లోపలికి వెళ్లవద్దు.

ఫోనుకూ ఇదే నీతి. తలగడ కింద పెట్టి ఛార్జింగు చెయ్యకండి.

ఒళ్లు కాలితే

కాలిన చోట ఇరవై నిమిషాలు మామూలు చన్నీళ్లు ధారగా పొయ్యండి. ఐసు ముక్కలు వద్దు. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసెయ్యండి. ఇంకు, టూత్‌పేస్టు, ఇడ్లీ పిండి, పసుపు పుయ్యకండి. బొబ్బలు చిదపకండి. శుభ్రమైన బట్ట కప్పి ఆసుపత్రికి తీసుకుపోండి. పొగ పీల్చినవారు బాగానే వున్నామన్నా సరే, వైద్యునికి చూపించాలి. తలనొప్పి, దగ్గు, ఆయాసం కొన్ని గంటల తరువాత కూడా రావచ్చు. ఎవరికైనా షాకు కొడితే ముందు మెయిను ఆపండి, ఆ తరువాతే వారిని ముట్టుకోండి.

తరచు వచ్చే సందేహాలు

గుండెకు పేస్‌మేకరు వున్నవారు బండి నడపవచ్చా? పేస్‌మేకరు అమర్చిన వైద్యుని అడిగి నడపాలి. ఫోనును, గడియారం ఛార్జరును ఛాతీకి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో వుంచండి. చొక్కా జేబులో ఫోను వద్దు. బండి ఛార్జరు మీదికి వంగకండి.

గర్భిణి నడపవచ్చా? కరెంటు వల్ల భయం లేదు గాని, కుదుపుల వల్ల, పడిపోవటం వల్ల ముప్పు వుంది. పొట్ట పెరిగాక నిలకడ తప్పుతుంది. ఆ నెలల్లో బస్సో, ఆటోనో మేలు. రక్తస్రావం, నొప్పులు వుంటే బండి జోలికే పోవద్దు.

నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఎలా తీసుకువెళ్లాలి? నడిపేవారికి కట్టివుండే రక్షణ పట్టీ, పిల్లల కొలత హెల్మెట్, గంటకు 40 కిలోమీటర్లకు మించని వేగం – ఈ మూడూ 2023 ఫిబ్రవరి నుంచి నిబంధనలే.

కత్తిరించి ప్లగ్గు పక్కన అతికించుకోండి

1. ఛార్జింగు ఆరుబయట, మెలకువగా వున్నప్పుడు.
2. వేడి బ్యాటరీకి ఛార్జింగు వద్దు.
3. దారికి అడ్డంగా, మెట్ల కింద, పడకగదిలో వద్దు.
4. పొగ వస్తే మనుషులు ముందు, వస్తువులు తరువాత.
5. దిగే ముందు తాళం తియ్యాలి.
6. పట్టీ బిగించిన హెల్మెట్, ఇద్దరికీ.
7. బండి మీద వున్నంతసేపు చెవులు ఖాళీ, కళ్లు రోడ్డు మీద.
8. అర కిలోమీటరు లోపల నడకే బండి.

ఈ ఎనిమిదింటిలో ఏ ఒక్కదానికీ డబ్బు ఖర్చు పెద్దగా లేదు. ఈ రాత్రి పడుకునే ముందు, మీ ఇంట్లో ఏ వస్తువు ఎక్కడ ఛార్జింగులో వున్నదో ఒక్కసారి తిరిగి చూసి రండి.